కెమెరా బ్యాటరీ గ్రిప్ – వానలో వాడే పద్ధతి



మన వసతి గృహంలో చదువుకొని బయటకు వెళ్లిన వారిలో కొందరు పై చదువులు చదువుతూనే సెలవుల్లోనూ, ముహూర్తాల రోజుల్లోనూ ఫొటో స్టూడియోలలో పని చేస్తుంటారు. పీజీలో చేరినప్పటి నుండి మేము ముగ్గురం స్నేహితులం కూడా అదే పని చేస్తున్నాము. ఫొటో ఎలా తీయాలో నేర్పేవారు చాలామంది ఉన్నారు గాని, కెమెరా చెడిపోకుండా ఎలా వాడుకోవాలో చెప్పేవారు తక్కువ. కెమెరా మనది కాదు, స్టూడియో వారిది. అది మన చేతిలో ఉండగా చెడితే ఆ నష్టం మన కూలిలో నుండి పోతుంది. అందుచేత ఈ వ్యాసంలో ఒక్క విషయమే తీసుకున్నాము. తడిని తట్టుకునే కెమెరాకు కింద బిగించే బ్యాటరీ గ్రిప్ ఎలా పనిచేస్తుంది, వానలో దానిని ఎలా వాడాలి, పొరపాటు ఎక్కడ జరుగుతుంది అనేవి తెలుసుకుందాము.

గ్రిప్ అంటే ఏమిటి?

పెళ్లిలో ఫొటోగ్రాఫర్ చేతిలోని కెమెరా కింద ఇంకొక పెట్టె లాంటిది అతికించి ఉండటం మీరు చూసే ఉంటారు. అదే బ్యాటరీ గ్రిప్. దానితో రెండు ప్రయోజనాలు ఉన్నాయి. మొదటిది, అదనపు బ్యాటరీ. రెండవది, కెమెరాను నిలువుగా తిప్పి పట్టుకున్నప్పుడు మోచెయ్యి పైకి ఎత్తకుండానే నొక్కడానికి ఇంకొక షట్టర్ బటన్. వధూవరులను నిలువెత్తు ఫొటోలు వందల కొద్దీ తీసేవారికి ఈ రెండవ ప్రయోజనమే ఎక్కువ.

మేము వాడిన కెమెరా 2015లో వచ్చిన నికాన్ డీ7200. దాని గ్రిప్ పేరు ఎంబీ-డీ15. ఆ కెమెరా కొత్తది ఇప్పుడు తయారు కావడం లేదు గాని, స్టూడియోలలో పాతవి ఇంకా పని చేస్తున్నాయి. సీఐపీఏ అనే సంస్థ నిర్ణయించిన కొలత ప్రకారం దీని ఒక బ్యాటరీతో సుమారు 1,110 ఫొటోలు వస్తాయి. గ్రిప్ లో రెండవ బ్యాటరీ పెడితే సుమారు 2,220. వెనుక తెర మీద చూస్తూ తీసినా, వీడియో తీసినా ఈ లెక్క బాగా తగ్గిపోతుంది. ముహూర్తం తెల్లవారుజామున రెండు గంటలకు ఉంటే, సాయంత్రం ఎదురుకోలు నుండి తీస్తున్న బ్యాటరీ సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకు అయిపోతుంది. జీలకర్ర బెల్లం రెండోసారి పెట్టించలేము కదా! గ్రిప్ అవసరం అక్కడ తెలుస్తుంది.

తడిని తట్టుకునే కెమెరా అంటే?

ఇది నీళ్లలో ముంచే కెమెరా కాదు. కెమెరా పై తొడుగు ఒకే ముక్కగా ఉండదు. కార్డు పెట్టే తలుపు, బ్యాటరీ తలుపు, బటన్లు, లెన్సు బిగించే చోటు ఇలా ఎన్నో అతుకులు ఉంటాయి. ఆ అతుకుల దగ్గర సన్నని రబ్బరు పట్టీలు పెడతారు. మన ప్రెషర్ కుక్కర్ మూతకు గాస్కెట్ ఉన్నట్లే ఇదీను. గాస్కెట్ సరిగ్గా కూర్చుంటే కుక్కర్ ఆవిరి బయటకు రాదు. రబ్బరు పట్టీ సరిగ్గా కూర్చుంటే కెమెరా లోపలికి తుంపర పోదు. అంతే తేడా.

ఏ వస్తువు ఎంత తడిని తట్టుకుంటుందో చెప్పడానికి ఐఈసీ 60529 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఐపీ అనే అక్షరాల పక్కన రెండు అంకెలు వేస్తారు. మొదటి అంకె దుమ్ముకు, రెండవది నీటికి సంబంధించినది. ఉదాహరణకు 2022లో వచ్చిన ఓఎం-1 అనే కెమెరాకు, దానికి తగిన లెన్సు పెట్టినప్పుడు, ఐపీ53 అని ఇచ్చారు. ఇక్కడ 5 అంటే పని చెడగొట్టేంత దుమ్ము లోపలికి పోదని, 3 అంటే నిలువు నుండి 60 డిగ్రీల వరకు వాలుగా పడే జల్లును తట్టుకుంటుందని అర్థం. డీ7200 వంటి చాలా కెమెరాలకు ఇటువంటి అంకె ఏమీ ఇవ్వలేదు. దుమ్మును, తుంపరను తట్టుకునేటట్లు చేశామని మాత్రమే చెప్పారు. అంకె లేని చోట మన జాగ్రత్తే కొలత అనుకోవాలి.

ఇక్కడే అసలు విషయం ఉంది. కెమెరా ఎంత గట్టిదైనా, దానిలోని అన్నిటికన్నా బలహీనమైన అతుకు ఎంత తట్టుకుంటుందో కెమెరా కూడా అంతే తట్టుకుంటుంది. గ్రిప్ బిగించడమంటే కెమెరాకు కింద ఉన్న ఒక మూత తీసి, అక్కడ కొత్త అతుకు ఒకటి చేర్చడమే.

గ్రిప్పులు రెండు రకాలు

మొదటి రకం మేము వాడిన ఎంబీ-డీ15 వంటిది. కెమెరాలోని బ్యాటరీ కెమెరాలోనే ఉంటుంది. గ్రిప్ లో ఇంకొక బ్యాటరీ ఉంటుంది. కెమెరా అడుగున ట్రైపాడ్ మర దగ్గరలో ఒక చిన్న రబ్బరు మూత ఉంటుంది. దాన్ని తీస్తే లోపల విద్యుత్ కొనలు కనిపిస్తాయి. గ్రిప్ నుండి కరెంటు, బటన్ల సంకేతాలు వాటి ద్వారానే కెమెరాకు వెళతాయి.

రెండవ రకం కెనాన్ 5డీ మార్క్ 3 కెమెరాకు వచ్చే బీజీ-ఈ11 వంటిది. ఇందులో కెమెరా బ్యాటరీని బయటకు తీసి, బ్యాటరీ తలుపును కూడా ఊడదీసి, గ్రిప్ కు ఉన్న పొడవాటి భాగాన్ని ఆ గదిలోకి దూర్చాలి. రెండు బ్యాటరీలు గ్రిప్ లోనే ఉంటాయి.

ఈ తేడా ఎందుకు గుర్తుంచుకోవాలంటే, గ్రిప్ ఊడదీసినప్పుడు మొదటి రకంలో చిన్న కిటికీ తెరిచి ఉంటుంది, రెండవ రకంలో తలుపే లేకుండా గది మొత్తం తెరిచి ఉంటుంది. మొదటి రకంలో రబ్బరు మూతను, రెండవ రకంలో ఊడదీసిన తలుపును వెంటనే తిరిగి పెట్టాలి. అవి పోకుండా దాచుకోవడానికి గ్రిప్ లోనే చోటు ఇస్తారు. మాకు తెలియనిది సరిగ్గా ఇదే.

మేము చేసిన పొరపాటు

2024 శ్రావణ మాసంలో ఒక పెళ్లికి స్టూడియో వారితో కలిసి వెళ్లాము. గ్రిప్ ను మాకన్నా ముందే స్టూడియోలోని సీనియర్ అన్న బిగించి ఉంచాడు. ఎదురుకోలు వేళకు సన్నని తుంపర మొదలైంది. గంటసేపు పట్టుకునేసరికి చెయ్యి లాగుతోంది. బరువు తగ్గుతుంది కదా అని షామియానా కింద నిలబడి గ్రిప్ ఊడదీసి సంచిలో పెట్టాము. ఇది తడిని తట్టుకునే కెమెరాయే కదా అనే ధైర్యంతో మళ్లీ తుంపరలోకి వెళ్లాము. అడుగున విద్యుత్ కొనలు తెరిచి ఉన్నాయని మాలో ఎవరికీ తట్టలేదు. తడి చేత్తో సరిగ్గా అక్కడే పట్టుకున్నాము.

అరగంటకు తెర ఒకసారి ఆరిపోయి మళ్లీ వెలిగింది. బ్యాటరీ నిండుగానే ఉంది. తరువాత షట్టర్ పడటం మానేసింది. ముహూర్తం ఫొటోలు రెండవ కెమెరాతో సీనియర్ అన్న తీశాడు కాబట్టి పెళ్లివారి ముందు మాట పోలేదు. కెమెరాను రిపేరుకు తీసుకువెళితే ఆ షాపాయన తిప్పి చూసి అడిగిన మొదటి ప్రశ్న, "కింద రబ్బరు మూత ఏది బాబూ?" అని. మూత ఎక్కడికీ పోలేదు. సంచిలో ఉన్న గ్రిప్ లో, దాని చోట అది భద్రంగా ఉంది.

రిపేరుకు ఏడు వేలు అయింది. పరీక్ష ఫీజు కోసం అనుకున్న డబ్బు అందులో పోయింది. స్టూడియో ఓనరు గారు మమ్మల్ని తిట్టలేదు. "నేను ఏడో తరగతి తమ్ముడూ. ఆ ఇంగ్లీషు పుస్తకం నాకు రాదు. మీరు చదువుకున్నోళ్లు గదా, ఒక్కసారి చూడలేదా?" అన్నారు. ఆ పుస్తకం ఆయన బీరువాలో కవరు కూడా తీయకుండా ఉంది. ఆ రాత్రి గదికి తెచ్చుకుని చదివాము. మూత తీసి ఎక్కడ పెట్టాలో బొమ్మ వేసి మరీ చెప్పారు. మా ఇళ్లలో ఇంగ్లీషు పుస్తకం చదవగలిగిన వారిలో మేమే మొదటివాళ్లం. అది వచ్చి కూడా చదవకపోవడం మా తప్పే.

నీరు లోపల ఏం చేస్తుంది?

తుంపర చుక్క కొనల మీద పడితే ఇంత నష్టమా అని మీకు అనిపించవచ్చు. దీనికి కారణం భౌతిక, రసాయన శాస్త్రాల్లోనే ఉంది. ఒకటి కేశనాళికీయత. సన్నని సందులోకి నీరు తనంతట తానే పాకుతుంది. కాబట్టి కొద్ది తడి కూడా పైనే ఆగదు. రెండవది విద్యుద్విశ్లేషణం. కెమెరా లోపల బ్యాటరీ ఉన్నంతసేపు కొన్ని కొనల మధ్య వోల్టేజి ఉండే అవకాశం ఉంది. చెమట ఉప్పు కలిసిన నీరు వాటి మధ్య చేరితే కరెంటు ఆ నీటి గుండా పోయి లోహం తినేస్తుంది. కొనల మీద పచ్చని పొర కనిపించేది అందుకే. సముద్ర తీరంలో పని చేసేవారికి గాలిలోనే ఉప్పు ఉంటుంది కాబట్టి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది.

అందువల్ల కెమెరా తడిసి తేడా చేస్తే ముందుగా చేయవలసినది ఆపివేసి బ్యాటరీలు తీయడం. పని చేస్తుందా అని పదే పదే ఆన్ చేసి చూడకూడదు. మేము ఆ రోజు పదిసార్లు ఆన్ చేశాము.

బిగించే పద్ధతి

1. పొడిగా ఉన్న చోట, పొడి చేతులతో బిగించాలి. కెమెరా స్విచ్ ఆఫ్ చేయాలి.

2. గ్రిప్ పై కొనలకు ఉన్న మూత తీయాలి. అది గ్రిప్ మూత. సంచిలో ఒకే జేబులో ఎప్పుడూ పెట్టుకోవాలి.

3. కెమెరా అడుగున ఉన్న రబ్బరు మూత తీసి గ్రిప్ లో దానికి ఇచ్చిన చోట నొక్కి పెట్టాలి. జేబులో వేసుకోకూడదు.

4. అతుకు పడే రెండు వైపులా మెత్తని పొడి గుడ్డతో తుడవాలి. ఒక్క ఇసుక రేణువు ఉన్నా రబ్బరు సరిగ్గా కూర్చోదు.

5. కొనలు, మర ఎదురెదురుగా ఉండేటట్లు పెట్టి, చక్రాన్ని వేళ్లతో బిగుతుగా తిప్పాలి. పట్టకారుతో తిప్పకూడదు.

6. బిగించిన తరువాత చుట్టూ చూడాలి. సందు కనిపించకూడదు. చేత్తో కదిపితే ఆడకూడదు.

మర వదులైతే రెండు నష్టాలు. సందులో నుండి తడి పోతుంది. అంతేగాక కొనలు కలుస్తూ విడిపోతూ ఉండి బ్యాటరీ నిండుగా ఉన్నా కెమెరా ఆగిపోతుంది. చాలామంది దీన్ని బ్యాటరీ లోపం అనుకొని కొత్త బ్యాటరీ కొంటారు. ముందుగా మర బిగించి చూడండి. గ్రిప్ ట్రైపాడ్ మర మీదనే వేలాడుతుంది కాబట్టి, మెడ పట్టీని కెమెరాకే తగిలించాలి.

ఇంకొక మాట. బజారులో తక్కువ ధరకు వేరే తయారీ గ్రిప్పులు దొరుకుతాయి. పొడి వాతావరణంలో వాటిలో కొన్ని బాగానే పని చేస్తాయి. అయితే వాటిలో చాలా వాటికి రబ్బరు పట్టీలు ఉండవు. అటువంటి గ్రిప్ పెట్టిన రోజు ఆ కెమెరాను తడిని తట్టుకోని కెమెరాగానే చూడాలి.

బ్యాటరీల లెక్క

ఎంబీ-డీ15 లో కెమెరా బ్యాటరీయే ఇంకొకటి పెట్టవచ్చు. లేదా వేరే ట్రేలో ఆరు ఏఏ సైజు పెన్సిల్ బ్యాటరీలు పెట్టవచ్చు. ఆరే ఎందుకు? కెమెరా బ్యాటరీ 7 వోల్టులు. చార్జింగ్ పెన్సిల్ బ్యాటరీ ఒక్కొక్కటి 1.2 వోల్టులు. ఆరింటిని శ్రేణి సంధానంలో పెడితే 7.2 వోల్టులు. రెండూ దాదాపు సమానం.

2007లో వచ్చిన నికాన్ డీ300 కెమెరా గ్రిప్ ఎంబీ-డీ10 లో ఎనిమిది పెన్సిల్ బ్యాటరీలు పడతాయి. ఎనిమిదింటికి 9.6 వోల్టులు. ఆ కెమెరా మామూలు 7.4 వోల్టుల బ్యాటరీతో సెకనుకు 6 ఫొటోలు తీస్తే, గ్రిప్ లో ఎనిమిది పెన్సిల్ బ్యాటరీలతో గాని, 11.1 వోల్టుల పెద్ద బ్యాటరీతో గాని 8 తీసేది. అదే గ్రిప్ లో మామూలు బ్యాటరీ పెడితే వేగం పెరగదు. డీ7200లో గ్రిప్ పెట్టినా వేగం సెకనుకు 6 దగ్గరే ఉంటుంది. గ్రిప్ పెడితే వేగం పెరుగుతుందని అందరూ అనే మాట అన్ని కెమెరాలకూ వర్తించదని దీనివల్ల తెలుస్తుంది.

గోడ గడియారంలో వేసే మామూలు బ్యాటరీలు ఇందుకు పనికిరావు. వాటి అంతర్నిరోధం ఎక్కువ కాబట్టి కెమెరా ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగినప్పుడు వోల్టేజి పడిపోతుంది. చార్జింగ్ చేసే నికెల్ బ్యాటరీలు మేలు. పాతవి, కొత్తవి కలపకూడదు. ఏ రకం వేశామో కెమెరా మెనూలో చెప్పాలి. లేకపోతే బ్యాటరీ ఎంత మిగిలిందో తప్పుగా చూపిస్తుంది.

వానలో బ్యాటరీ మార్చవలసి వస్తే

వీలైనంత వరకు మార్చవలసిన అవసరమే రాకుండా చూసుకోవాలి. ఏ బ్యాటరీ ముందు వాడాలో మెనూలో ఎంచుకోవచ్చు. గ్రిప్ లోనిది ముందుగా వాడేటట్లు పెట్టండి. అది అయిపోగానే కెమెరా తనంతట తానే లోపలి బ్యాటరీకి మారుతుంది. గ్రిప్ బ్యాటరీ వాడుతున్నంతసేపు పై తెరలో బీపీ అనే గుర్తు కనిపిస్తుంది. ఆ గుర్తు పోయిందంటే ఇంకా ఒక నిండు బ్యాటరీ చేతిలో ఉన్నట్లు. నీడ దొరికినప్పుడు తీరికగా మార్చుకోవచ్చు.

మార్చక తప్పకపోతే గొడుగు కిందకు గాని, మండపం లోపలికి గాని వెళ్లాలి. కెమెరా ఆఫ్ చేసి, గ్రిప్ చుట్టూ ముందు తుడిచి, ఆ తరువాతనే ట్రే తెరవాలి. తెరిచిన తరువాత తుడిస్తే నీరు లోపలికే పోతుంది. వానలో గ్రిప్ ను మొత్తంగా ఊడదీయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు.

ఏసీ హాలు, పని అయ్యాక జాగ్రత్తలు

వాన లేకపోయినా తడి వస్తుంది. చల్లని ఏసీ హాలులో రెండు గంటలు ఉన్న కెమెరాను ఒక్కసారిగా బయట ఉక్కలోకి తెస్తే, గాలిలోని ఆవిరి దాని మీద సాంద్రీకరణం చెంది నీరవుతుంది. ఫ్రిజ్ లో నుండి తీసిన సీసా మీద చుక్కలు పట్టినట్లే. ఈ తడి రబ్బరు పట్టీల లోపలి వైపున కూడా పడుతుంది. హాలులోనే కెమెరాను సంచిలో పెట్టి జిప్ వేసి బయటకు తెచ్చి, అరగంట ఆగి తీస్తే ఈ ఇబ్బంది ఉండదు. లెన్సుకు మర దగ్గర రబ్బరు పట్టీ ఉందో లేదో కూడా చూసుకోవాలి. అది లేని లెన్సు పెడితే కెమెరాకున్న రక్షణ ఆ చోట పనిచేయదు.

ఇంటికి వచ్చాక ముందు బయట తుడిచి, ఆరిన తరువాతనే గ్రిప్ విప్పి, అతుకు మధ్య తడి ఉందేమో చూడాలి. ఎండలో పెట్టకూడదు, హెయిర్ డ్రయ్యర్ వాడకూడదు. వేడికి రబ్బరు, జిగురు చెడతాయి. ఫ్యాను గాలి చాలు. నెల రోజులు వాడనప్పుడు గ్రిప్ విప్పి, రెండు మూతలూ పెట్టి, బ్యాటరీలు బయటకు తీసి ఉంచాలి. పెన్సిల్ బ్యాటరీలు లోపలే ఉంచితే కారి కొనలను పాడు చేస్తాయి.

గుర్తుంచుకోవలసినవి

- తడిని తట్టుకునే కెమెరా అంటే మూతలన్నీ వాటి వాటి చోట్లలో ఉన్న కెమెరా.
- గ్రిప్ తీసిన మరుక్షణం కెమెరా అడుగున రబ్బరు మూత పెట్టాలి. అది గ్రిప్ లోనే ఉంటుంది.
- తుడవడం ముందు, తెరవడం తరువాత.
- కెమెరా తడిసి ఆగితే బ్యాటరీలు తీయాలి, మళ్లీ ఆన్ చేసి చూడకూడదు.
- ఇతరుల వస్తువు చేతికి తీసుకునే ముందు దాని పుస్తకం అడిగి తీసుకుని చదవాలి.

చివరిదే ముఖ్యమైనది. ఆ పెళ్లి తరువాత స్టూడియో ఓనరు గారి బీరువాలోని పుస్తకాలన్నీ ఒక్కొక్కటిగా తెచ్చుకొని చదివాము. ముఖ్యమైనవి తెలుగులో రెండు పేజీలుగా రాసి స్టూడియో గోడకు అంటించాము. ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలు పనికి బయలుదేరే ముందు దాన్ని చూసి, కెమెరాను తిప్పి అడుగున ఒకసారి చూసుకుని వెళుతున్నారు. మాలో ఇద్దరం ఇప్పటికీ అక్కడే పని చేస్తున్నాము. పరీక్ష ఫీజు తరువాతి సీజనులో సంపాదించుకుని కట్టాము.

మన వసతి గృహంలోని తమ్ముళ్లు కెమెరా పనికే వెళ్లాలని లేదు. మోటారు రిపేరు గాని, జిరాక్సు షాపు గాని, ల్యాబ్ పని గాని, ఏ పనికి వెళ్లినా మీ చేతికి ఒక ఖరీదైన యంత్రం వస్తుంది. దానితో పాటు ఎవరూ తెరవని పుస్తకం ఒకటి బీరువాలో ఉంటుంది. దాన్ని అడిగి తీసుకోండి. అర్థం కాని మాట ఉంటే మాకు గాని, మన అన్నలలో ఎవరికైనా గాని చూపించండి. తెలిసినంత వరకు తప్పక చెబుతాము.